నీడ కావాలంటే నాలుగు రెట్లు

గుంటూరు బ్రాడీపేటలోని మా అమ్మమ్మగారింటి హాల్లో ఒక ఫోటో ఉండేది. పరికిణీ కట్టి, గాజులు తొడిగి, పూలజడ వేసిన మూడేళ్ళ పాప. వెనుక జడ కూడా కనబడేలా స్టూడియో వారు నిలబెట్టిన నిలువుటద్దం. ఇంటికి కొత్తగా వచ్చినవారెవరైనా ‘ఈ అమ్మాయి ఎవరండీ?’ అని అడిగితే మా మామయ్య పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆ అమ్మాయి ఆయనే. పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతి ప్రయాణం కట్టే ముందు, ఆ జుట్టు మళ్ళీ రాదని, అమ్మమ్మ ముచ్చట తీర్చుకుంది.

ఆ ఫోటో కింద పెరిగినవాణ్ణి కాబట్టి, 19వ శతాబ్దపు అమెరికా పల్లెల్లో వేసిన పిల్లల బొమ్మలను మొదటిసారి చూసినప్పుడు, పాదాల దాకా గౌను తొడుక్కుని చేతిలో కొరడా పట్టుకున్న అబ్బాయి నాకు వింతగా తోచలేదు. ఆ కాలంలో అక్కడ మగపిల్లలకు కూడా ఐదారేళ్ళ వరకు గౌన్లే వేసేవారు. పటంలో ఉన్నది ఎవరో పోల్చుకోవడానికి సాధారణంగా రెండు గుర్తులు చూస్తారు: కొరడా, సుత్తి, చెక్కగుర్రం వంటివి ఉంటే అబ్బాయి, బొమ్మో పూలో ఉంటే అమ్మాయి, పక్కపాపిడి అయితే అబ్బాయి, నడిపాపిడి అయితే అమ్మాయి. పాపిడి విషయంలో గుంటూరుకూ, అమెరికా ఈశాన్య రాష్ట్రాలైన న్యూ ఇంగ్లాండుకూ ఇంత ఏకాభిప్రాయం ఉంటుందని నేను అనుకోలేదు.

ఈ బొమ్మలు వేసినవారిలో చాలామంది ఏ కళాశాల గడపా తొక్కనివారు. రంగులూ కుంచెలూ సర్దుకుని ఊరూరా తిరిగి, పని దొరికిన ఇంట బొమ్మ వేసి, మరో ఊరికి సాగిపోయేవారు. 1788లో కనెక్టికట్‌లో పుట్టిన అమ్మి ఫిలిప్స్ ఆ రాష్ట్రమూ మసాచుసెట్స్, న్యూయార్క్‌లూ కలిసే సరిహద్దు ప్రాంతాలలో సుమారు యాభై ఏళ్ళు అలాగే బతికాడు. బొమ్మల మీద సంతకం పెట్టడం అరుదు కావడంతో ఆయన పేరే మరుగున పడిపోయింది. 20వ శతాబ్దం మధ్యదాకా ఆయన తొలినాటి బొమ్మలు ఒకరివనీ, తర్వాతివి వేరొకరివనీ నిపుణులు భావించారు.

ఆయన 1830-35 ప్రాంతంలో వేసిన ఎర్రగౌను పాప ఇప్పుడు న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఒడిలో తెల్లపిల్లి, కాళ్ళ దగ్గర కుక్క, మెడలో పగడాల పేర్లు. పగడం పిల్లలను జబ్బుల నుంచి కాపాడుతుందని అప్పట్లో అక్కడివారి నమ్మకం. మనం బుగ్గన పెట్టే దిష్టిచుక్క లాంటిదన్నమాట. గౌనుకు మడతలు దాదాపు లేవు, కాగితం కత్తిరించి అతికించినట్టు ఒకటే ఎరుపు. ముఖం మీద కూడా నీడ అంతంత మాత్రమే.

వీటిని చూసి ‘పాపం, గీయడం రాదు’ అనేవారున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. మెయిన్ రాష్ట్రానికి చెందిన విలియం మాథ్యూ ప్రయర్ 1831లో ఒక స్థానిక పత్రికలో ప్రకటన వేయించాడు: వెలుగునీడలు లేని చదునైన బొమ్మ చాలనుకునేవారికి నాలుగో వంతు ధరకే పోలిక దించి ఇవ్వబడుతుంది. అంటే నీడ వేయడం ఆయనకు వచ్చు. నీడ వేయడానికి సమయం పడుతుంది, ఆ సమయానికి డబ్బవుతుంది. చదును బొమ్మకు గంటసేపు కూర్చుంటే చాలు, ఫ్రేమూ అద్దమూ కలిపి 2 డాలర్ల 92 సెంట్లు. అయితే అన్నిటికీ ధరే కారణమని కూడా నేననను. ఫిలిప్స్ ఎరుపును చూస్తే, ఎవరు నాలుగు రెట్లు ఇచ్చినా ఆయన అక్కడ ఒక్క మడత కూడా పెంచి ఉండడనిపిస్తుంది.

మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ వైటింగ్ స్టాక్ కథ వేరు. పదకొండేళ్ళప్పుడు ఎడ్లబండి తన మీద పడి నడుము కింది భాగం చచ్చుబడింది. మంచాన ఉండగానే కుంచె పట్టాడు. ఒక వైద్యుడు చేయించి ఇచ్చిన చక్రాల కుర్చీలో ఊళ్ళు తిరిగాడు. 1832 నుంచి 1846 వరకు తొమ్మిది వందలకు పైగా బొమ్మల వివరాలు చిట్టాపద్దులా రాసి పెట్టాడు. వాటిలో కొన్ని చనిపోయిన పిల్లలవి, శవాన్ని చూసి వేసినవి. 1839లో డాగెరోటైప్ ఫోటో వచ్చేదాకా, బిడ్డ రూపం ఇంట్లో నిలవాలంటే మామూలు కుటుంబాలకు ఇలాంటి చేతులే దిక్కు. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఊరూరా తిరిగే బొమ్మలవారి పని తగ్గిపోయింది.

మామయ్య ఫోటో పక్కనే ఇంకో పటం ఉండేది. అది అమ్మమ్మ మొదటి బిడ్డది. రెండేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయాడు. ఉన్నది ఒక్కటే ఫోటో, అదీ చాప మీద పడుకోబెట్టి తీసినది. కొన్నేళ్ళ తర్వాత ఒక ఆర్టిస్టు దాన్ని పెద్దది చేసి, కుర్చీలో కూర్చున్నట్టు వేసి, కళ్ళు తెరిపించి ఇచ్చాడట. ముఖం చదునుగా ఉండేది, ఒక పక్కనైనా నీడ లేదు. పండగ ముందు అద్దం తుడిచేటప్పుడల్లా అమ్మమ్మ మాత్రం ఆ కళ్ళ దగ్గరే ఆగేది. ‘ఇవి వాడి కళ్ళు కావురా, నావి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేశాడు’ అనేది.