అతిథి ఉపాధ్యాయుల లెక్క ఎవరు అడగాలి?

ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతాలను తప్పుపట్టేవాళ్లకు బెంగళూరులో కొదవ లేదు. కర్ణాటక ప్రభుత్వం కరవు భత్యం పెంచుతూ ఉత్తర్వు వెలువరించిన ప్రతిసారీ, కృష్ణరాజపురం వైపున్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక తెలుగాయన ఆ వార్తను పెట్టి, మన పన్నులన్నీ వీళ్ల జీతాలకే సరిపోతున్నాయని వాపోతాడు. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడిన మరికొందరు వెంటనే వంత పాడతారు. లెక్క అడగడాన్ని నేను తప్పనను. ప్రజల సొమ్ముతో నడిచే బడిలో ఎవరికి ఎంత ఇస్తున్నారో తెలుసుకునే హక్కు, పిల్లలను ఆ బడికి పంపినా పంపకపోయినా, పన్ను కట్టే ప్రతివారికీ ఉంది. అయితే మనం గట్టిగా అడుగుతున్న లెక్కను ప్రభుత్వం ఇప్పటికే అచ్చువేసి పెట్టింది. ఎవరూ అడగని లెక్క వేరే ఉంది, అది గౌరవ వేతనం మీద, ఏడాది ఒప్పందం మీద పనిచేసే అతిథి ఉపాధ్యాయుల లెక్క.

శాశ్వత ఉపాధ్యాయుని జీతంలో దాచినదేమీ లేదు. కె. సుధాకర్ రావు అధ్యక్షుడుగా ఏర్పడిన ఏడవ రాష్ట్ర వేతన సంఘం సిఫారసులు 2024 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చాయి; ఉద్యోగుల కనిష్ఠ మూల వేతనం 17,000 రూపాయల నుంచి 27,000కు పెరిగింది; వేతన శ్రేణులు, ఇంటి అద్దె భత్యం, కరవు భత్యం శాతం అన్నీ ఉత్తర్వులలో ఉన్నాయి. ఒక ఉపాధ్యాయుడు ఏ హోదాలో ఏ ఏట చేరాడో తెలిస్తే, ఓపికగా కూర్చున్న ఎవరైనా ఆయన నెల జీతాన్ని ఉజ్జాయింపుగా కట్టగలరు. పైగా 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్, ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తన అధికారులకు, ఉద్యోగులకు ఒక్కొక్కరికి నెలనెలా అందే వేతనాన్ని ఎవరూ అడగకముందే ప్రకటించాలని చెబుతోంది. ఆ ప్రకటనలు ఎంత శ్రద్ధగా చేస్తున్నారన్నది వేరే చర్చ.

ఇక అతిథి ఉపాధ్యాయుల సంగతి చూద్దాం. 2025-26 బడ్జెట్‌లో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వీరి గౌరవ వేతనాన్ని నెలకు 2,000 రూపాయలు పెంచారు. దాంతో ప్రాథమిక పాఠశాలల వారికి 12,000, ఉన్నత పాఠశాలల వారికి 12,500 అయింది. డి.ఎడ్., బి.ఎడ్. చదివి పిల్లలకు పాఠం చెప్పే మనిషికి దక్కేది, అదే ప్రభుత్వంలో అన్నిటికన్నా కింది మెట్టు మీద కొత్తగా చేరిన ఉద్యోగి మూల వేతనంలో సగం కూడా కాదు. ఆ విద్యా సంవత్సరానికి ప్రాథమిక బడులకు 40 వేల మందిని, ఉన్నత పాఠశాలలకు 11 వేల మందిని ఇలా తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. వీళ్లందరికీ పది నెలల పాటు ఒక్క రూపాయి కోత లేకుండా చెల్లించారనుకున్నా, నేను వేసిన లెక్క ప్రకారం మొత్తం 617 కోట్ల చిల్లర అవుతుంది. విద్యారంగానికి ఆ బడ్జెట్‌లో చూపిన మొత్తం 45,286 కోట్లు. అంటే నూరు రూపాయలలో రూపాయి ముప్పై ఆరు పైసలు.

ఆ 51 వేల స్థానాలలో, కనిష్ఠ మూల వేతనం 27,000 చొప్పున, ఏ భత్యమూ కలపకుండా పన్నెండు నెలలు ఇచ్చి ఉంటే 1,652 కోట్లు దాటేది. తేడా వెయ్యి కోట్లకు పైమాటే. ఉపాధ్యాయుని అసలు వేతన శ్రేణి కనిష్ఠ వేతనం కన్నా ఎక్కువ గనుక నిజమైన తేడా ఇంకా పెద్దది. ఖజానాలో మిగిలిన ఈ వెయ్యి కోట్ల గురించి బడ్జెట్ ప్రసంగంలో ఒక్క వాక్యం ఉండదు, ప్రతిపక్షం ప్రశ్నించదు, మన వాట్సాప్ మేధావులూ పట్టించుకోరు. ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 51 వేల ఇళ్లలో తగ్గిన బియ్యం, కట్టలేని ఫీజు, సాయంత్రం ట్యూషన్లు, ఆదివారం ఇంకో పని, వీటన్నిటి మొత్తమే అది. ఖర్చును నిలదీసేవాడు ఇలాంటి మిగులును కూడా అంతే గట్టిగా నిలదీయాలని నా అభిప్రాయం.

ఉత్తర్వులో రాసిన మొత్తానికీ చేతికి అందే మొత్తానికీ మధ్య ఏం జరుగుతుందన్నది మరో చిక్కు. అతిథి ఉపాధ్యాయుని నియామకం విద్యా సంవత్సరం ముగిసేదాకా, లేదా ఆ స్థానానికి శాశ్వత ఉపాధ్యాయుడు వచ్చేదాకా, ఏది ముందైతే అంతవరకే. అలా మధ్యలో ఆగిపోయినవారు ఎందరు, జూన్‌లో చేరిన మనిషికి మొదటి చెల్లింపు ఏ నెలలో అందింది, మూడు నెలలది కలిపి ఒకేసారి ఎన్నిసార్లు వేశారు అన్న వివరాలు ఏ పట్టికలోనూ నాకు కనబడలేదు. ఒక బ్లాకు విద్యాధికారి కార్యాలయానికి సమాచార హక్కు కింద ఇవే ప్రశ్నలు రాసి పంపితే, ఈ వివరాలు తమ దగ్గర ఒకచోట లేవనీ, ఏ బడికి ఆ బడిలో అడిగి తెలుసుకోవాలనీ జవాబు వచ్చింది. డబ్బు విడుదల చేసిన కార్యాలయం దగ్గర, ఆ డబ్బు ఎవరికి ఏ తేదీన చేరిందన్న వివరం లేదట! జవాబు మీద సంతకం మాత్రం చక్కగా ఉంది.

బడ్జెట్ పుస్తకాలు తిరగేసినా పెద్దగా తేలేది లేదు. సాధారణ విద్య ఖర్చంతా 2202 అనే పద్దు కింద వస్తుంది. దాని కింద ప్రాథమిక విద్య, మాధ్యమిక విద్య అని ఉప పద్దులుంటాయి. మంజూరైన మొత్తం, సవరించిన మొత్తం, ఖర్చయిన మొత్తం కనబడతాయి గాని, ఆ మొత్తం వెనుక ఎన్ని తలలు, ఎన్ని నెలలు ఉన్నాయో కనబడదు. కాగ్ తనిఖీ చేస్తుంది, ఆ నివేదిక శాసనసభకు వస్తుంది, ప్రజా పద్దుల సంఘం దాన్ని చూస్తుంది. ఈ తతంగమంతా పూర్తయ్యేసరికి ఆ ఏడాది పాఠం చెప్పిన అతిథి ఉపాధ్యాయుడు ఏ బట్టల దుకాణంలోనో గుమాస్తాగా కుదిరి ఉంటాడు.

ఇదంతా కన్నడిగుల గొడవ అనుకునే తెలుగువాళ్లకు మన చరిత్ర కొంచెం గుర్తుచేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లుగా పనిచేసినవారు ఉన్నారు. ఆ కాలాన్ని ఇంక్రిమెంట్లకు లెక్కించమని వాళ్లు ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగారు. తర్వాత అప్రెంటిస్ ఉపాధ్యాయులు వచ్చారు. 1998 డీఎస్సీలో అర్హత పొంది ఉద్యోగం దక్కనివారికి ఆంధ్రప్రదేశ్‌లో 2023లో, అంటే పాతికేళ్ల తర్వాత, కనీస వేతన శ్రేణి మీద ఒప్పంద ఉద్యోగాలు ఇచ్చారు. తెలంగాణలో విద్యా వాలంటీర్లకు 12,000 ఇచ్చేవారు. పేర్లు మారాయి, రాష్ట్రాలు మారాయి, లెక్క మారలేదు.

న్యాయస్థానాలు చెప్పిన మాటలు కూడా అన్నీ ఒకే దిక్కుకు లేవు. కర్ణాటక నుంచే వెళ్లిన ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, తాత్కాలిక ఉద్యోగులు తమను శాశ్వతం చేయమని హక్కుగా కోరలేరని తీర్పు చెప్పింది. ప్రభుత్వాలు నాటి నుంచి ఆ తీర్పును గొడుగులా పట్టుకు తిరుగుతున్నాయి. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు, అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి శాశ్వత ఉద్యోగి వేతన శ్రేణిలో కనిష్ఠ మొత్తమైనా ఇవ్వాలంది. 2025 ఆగస్టులో, గుజరాత్‌లో 30,000 రూపాయల మీద పనిచేస్తున్న ఒప్పంద సహాయ ఆచార్యుల కేసులో, సభలలో గురుబ్రహ్మ గురువిష్ణు అని వల్లిస్తే చాలదని న్యాయమూర్తులు చురక వేశారు. తీర్పులు వచ్చినంత మాత్రాన 12,000 దానంతట అది పెరగదు. ప్రతి రాష్ట్రంలోనూ ఎవరో ఒకరు మళ్లీ కోర్టు మెట్లు ఎక్కాలి.

లెక్క అడగడమంటే మనుషుల పేర్లు రోడ్డున పెట్టడం కాదని కూడా చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చి, వ్యక్తిగత సమాచారమన్న ఒక్క కారణంతో నిరాకరించే వీలును మునుపటికన్నా బాగా పెంచింది. ఈ మార్పు నాకు నచ్చలేదు. రేపు ఏ గుమాస్తా అయినా జీతాల పట్టిక మొత్తాన్ని వ్యక్తిగతమని మడిచి పెట్టేయవచ్చు. అయితే 4వ సెక్షన్ చెక్కుచెదరలేదు, నేను అడుగుతున్న వివరాలకు ఏ ఉపాధ్యాయుని పేరూ అవసరం లేదు. ఏ బడిలో ఎన్ని మంజూరైన పోస్టులు, ఎన్ని ఖాళీలు, ఎందరు అతిథులు, ఏ తేదీన ఎంత చెల్లించారు, ఇంతే. ప్రభుత్వ బడిలో ఖాళీలు మంజూరైన పోస్టులలో నూటికి పది మించరాదని 2009 విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ చెబుతోంది గనుక, ఖాళీల లెక్క అడగడం చట్టం అమలును అడగడమే.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1991లో వచ్చిన చట్టం ప్రకారం, పాఠశాల జిల్లా ఉపాధ్యాయ సంఘంతో వేతన ఒప్పందం మీద సంతకం చేసేముందు, ఆ ఒప్పందంలోని ముఖ్యాంశాలను, ఆ ఏడాదీ తర్వాతి ఏళ్లలోనూ అయ్యే ఖర్చును బహిరంగ సభలో వెల్లడించాలి. అక్కడి సంఘాల బలం, బేరమాడే హక్కు ఇక్కడి అతిథి ఉపాధ్యాయులకు లేవు కాబట్టి ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. కాని సంతకానికి ముందే ఖర్చు చెప్పాలన్న నియమాన్ని కర్ణాటకలో ప్రతి ప్రభుత్వ బడికీ ఉన్న ఎస్‌డీఎంసీ (పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సంఘం) సమావేశంలోనే పాటించవచ్చు. అందులో తల్లిదండ్రులే ఎక్కువమంది. అక్కడ నియామకపు ఉత్తర్వు చదివి వినిపించడానికి పైసా ఖర్చు లేదు.

శాశ్వత ఉపాధ్యాయుల మీద అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది, అది జీతం ఎంత అన్నది మాత్రం కాదు. 2025లో సామాజిక, విద్యా సర్వేకు ఉపాధ్యాయులను గణకులుగా పంపి, దసరా సెలవులను అక్టోబరు 18 దాకా పొడిగించారు. సర్వే మంచిదా చెడ్డదా అన్న వాదన నాకు అక్కరలేదు. ఆ రోజుల జీతం విద్య పద్దులోనే పడింది, పాఠం మాత్రం జరగలేదు. అంటే విద్యకు కేటాయించామని చెప్పుకునే మొత్తంలో కొంత విద్యకు కాదు. ఎన్నికల పనికీ ఇదే వర్తిస్తుంది.

కర్ణాటక నియమాల ప్రకారం సమాచార హక్కు దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాలు మించకుండా ఉండాలి. రుసుము పది రూపాయలు. ఈసారి మరో బ్లాకుకు నేను రాసింది ఇది: జూన్ నుంచి మార్చి వరకు ఒక్కొక్క నెలకు అతిథి ఉపాధ్యాయుల గౌరవ వేతనం కింద మీ కార్యాలయానికి వచ్చిన మొత్తం, వచ్చిన తేదీ, బడులవారీగా విడుదల చేసిన తేదీ, ఆ నెలలో పనిచేసినవారి సంఖ్య, పేర్లు లేకుండా ఇవ్వగలరు.