ఆపరేషన్ తేదీ వచ్చేలోపు

తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య ఉండవలసిన సందు లోపలి వైపున పూర్తిగా మూసుకుపోయిందని డాక్టరు నా మోకాలి ఎక్స్‌రేలో చూపించారు. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి, ఎంత అరిగిందో ఆ సందును బట్టే అంచనా వేస్తారు. మోకీలు మార్పిడి తప్ప దారి లేదని చెప్పి, ప్రభుత్వాసుపత్రి జాబితాలో నా పేరు రాయించారు. తేదీ మాత్రం చెప్పలేదు.

ఆ జాబితా ఎందుకంత నెమ్మదిగా కదులుతుందో తరువాత తెలిసింది. ప్రమాదాల్లో ఎముకలు విరిగినవారూ, జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న వృద్ధులూ అదే థియేటరుకు, అదే సర్జన్ల వద్దకు వస్తారు. విరిగిన తుంటికి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగకపోతే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. అరిగిన మోకాలితో ఆ భయం లేదు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు అనేక దేశాల్లో వాయిదా పడినవి కూడా ఇలాంటి ఆపరేషన్లే. ఈ వరుసక్రమాన్ని నేను తప్పుపట్టను. ఎదురుచూసే కాలంలో రోగికి జరిగే నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే నాకు మింగుడుపడని విషయం.

నొప్పికి భయపడి కాలిపై బరువు మోపకపోతే తొడ ముందు భాగపు కండరం కరిగిపోతుంది, కండరం కరిగినకొద్దీ కీలుపై ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నొప్పి మాత్రలు ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుచేత నాకు మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేసేవారు. రాత్రి పక్కకు తిరగాలంటే ముందు మెలకువ తెచ్చుకుని, రెండు చేతులతో మోకాలిని పట్టుకుని తిప్పుకోవలసి వచ్చేది.

ఎట్టకేలకు పిలుపు వచ్చింది. ఏమీ తినకుండా వెళ్లి, గౌను తొడుక్కుని, ఏ కాలికి ఆపరేషనో తెలిసేలా సర్జన్ తొడపై గీసిన బాణం గుర్తుతో పడుకున్నాక, అత్యవసర కేసులు వచ్చాయని ఇంటికి పంపేశారు. ఆ సిరా ఒక పట్టాన వదలలేదు, స్నానం చేసిన ప్రతిసారీ ఒళ్లు మండేది.

మరోసారి పిలిచినప్పుడు ఆపరేషన్ జరిగింది. నడుములో ఇచ్చిన మత్తు సూది వల్ల నొప్పి తెలియలేదు గానీ, సుత్తి దెబ్బల చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడింది. మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. ఎముక నొప్పి అప్పటికే పోయింది, మిగిలింది కోత నొప్పి. ఆ రెంటికీ ఉన్న తేడా అనుభవించినవారికే తెలుస్తుంది.

కోలుకోవడంలో నన్ను వెనక్కి లాగింది కొత్త కీలు కాదు, పాత కండరం. ఫిజియోథెరపిస్టు రెండు తొడలనూ టేపుతో కొలిచి, తేడా ఎంత ఉందో ఆ టేపు మీదే వేళ్లతో పట్టి చూపించారు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కి పట్టడం, మడమను మంచం మీద వెనక్కి జరుపుతూ మోకాలిని మడవడం, మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయడం నేర్పారు. ఇందులో మొదటి వ్యాయామానికి కావలసింది ఒక తువ్వాలే. పేరు రాసుకున్న రోజునే దాన్ని నేర్పి పంపడానికి ఏ థియేటరూ ఖాళీ కానక్కరలేదు.

2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం పూర్తి మోకీలు మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి, కనుక ఈ కాలి గురించి నాకు బెంగ లేదు. రెండో మోకాలి కోసం మళ్లీ జాబితాలో చేరాను; ఫిజియోథెరపీకి చీటీ కూడా అదే రోజు అడిగి రాయించుకున్నాను.