హీటూ టెంపరేచరూ ఒకటేనట

పదకొండున్నరైంది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం చిన్నోడి సైన్సు నోట్సు బుర్రలోంచి పోవడం లేదు.

"హీట్ మీన్స్ టెంపరేచర్" అని రాయించారు ట్యూషన్‌లో. పక్కన ఎర్ర సిరాతో టిక్కు కూడా! రెండూ ఒకటి కాదురా, ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అంటే, "సార్ అదే చెప్పారమ్మా, పరీక్షలో అదే రాయాలి" అన్నాడు. అప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది. డబ్బు కట్టి మరీ తప్పు నేర్పించుకుంటున్నామా?

వాణ్ణి బాత్రూమ్‌కి లాక్కెళ్లాను. ఈ ఎండలకి ట్యాంకు నీళ్లు ఎలా ఉంటున్నాయో తెలుసుగా. బకెట్ నిండా పట్టి, పక్కన పొగలు కక్కే టీ గ్లాసు పెట్టాను. ఉష్ణోగ్రత గ్లాసుదే ఎక్కువ, సరే. మరి ఇంత బకెట్ అంత కాగడానికి ఎండలోంచి ఎంత ఉష్ణం లాక్కుని ఉంటుంది? ఒకటి డిగ్రీల్లో కొలుస్తాం, ఇంకోటి కెలోరీల్లోనో జౌళ్లలోనో. వాడికి అర్థమైంది. అయినా నోట్సు దిద్దనన్నాడు.

ఇదంతా ఇంగ్లీషు మీడియం పుణ్యమే అని రాద్దామనే కూర్చున్నాను. మా ఇబ్రహీంపట్నం తెలుగు మీడియం బడి గుర్తొచ్చింది. వరండాలోంచి థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించేవి. గుప్తోష్ణం, అంటే ద్రవం ఆవిరయ్యేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే లాక్కునే ఉష్ణం, ఆ పాఠం రోజు మాస్టారు స్పిరిట్ సీసా తెచ్చి తలా ఒక చుక్క అరచేతిలో వేసి ఊదమన్నారు. జివ్వుమంది. చూస్తుండగానే చుక్క లేదు, చల్లటి మచ్చ మాత్రం మిగిలింది. "మీ చేతి వేడిని పట్టుకుపోయిందర్రా. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే" అన్నారు. వంద డిగ్రీల దగ్గర ఒక్క గ్రాము నీరు ఆవిరవడానికి 540 కెలోరీలు కావాలని ఆ రోజే చెప్పారు, ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత పొగగొట్టాల వైపు చెయ్యి చూపించి, అక్కడ బొగ్గు మండి నీరు ఆవిరై, ఆ ఆవిరి టర్బైను తిప్పితేనే మన ఇళ్లలో బల్బు వెలుగుతుందన్నారు.

కానీ నిజం చెప్పాలంటే, నాకు అర్థమైంది ఆ చుక్క వల్ల, గుప్తోష్ణం అనే మాట వల్ల కాదు. అదే బళ్లో "పునరుత్పాదక వనరులు" (వాడినా మళ్లీ మళ్లీ దొరికేవి) అని బట్టీపట్టి మార్కులు కొట్టేశాను, బొగ్గు అందులోకి ఎందుకు రాదో తెలియకుండానే. తెలుగులో బట్టీపట్టినా బట్టీ బట్టీయే. కాబట్టి మీడియాన్ని తిట్టను. ఆ ఎర్ర టిక్కుని మాత్రం క్షమించలేను.

అత్తయ్యగారి ఇంజెక్షన్ల స్పిరిట్ ఫ్రిజ్ మీద ఉంది. పొద్దున వాడు పళ్లు తోముకుని రాగానే అరచెయ్యి పట్టమనాలి.