గేట్ కెమికల్: మాస్ ట్రాన్స్‌ఫర్ నాకు నైట్ షిఫ్టులో వంటబట్టింది

ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షలో, కెమికల్ ఇంజినీరింగ్ పేపర్‌లో క్వాలిఫై అయ్యాను ఫ్రెండ్స్! పైడిభీమవరంలో ఫ్యాక్టరీ షిఫ్టులు చేస్తూ ఎలా చదివావని అందరూ అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

సిలబస్ మీకు తెలిసిందే. నన్ను ఏడిపించింది మాస్ ట్రాన్స్‌ఫర్, అంటే కలిసిపోయిన పదార్థాలను వేరుచేయడం గురించిన సబ్జెక్ట్. ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం తెల్లమొహం. ఆ ముడి విడింది సాల్వెంట్ రికవరీ కాలమ్ దగ్గర, అంటే వాడేసిన ద్రావకాన్ని మరిగించి మళ్ళీ శుభ్రంగా రాబట్టే పొడుగాటి నిలువు గొట్టం దగ్గర. మిథనాల్, నీళ్ళు కలిసిన సరుకు నింపి, మరగడానికి స్టీమ్ ఇచ్చాం. కండెన్సర్‌లో చల్లబడినదంతా మళ్ళీ కాలమ్‌లోకే పోతోంది. నేను ప్రొడక్ట్ బయటికి తీసే రిసీవర్ వాల్వ్ మీద చెయ్యి వేశానో లేదో, సీనియర్ ఆపరేటర్ కసిరాడు: "ఏటా తొందర బాబూ? టాప్ టెంపరేచర్ 65 కాడ నిలబడనీ. బేగి తీసేస్తే నీళ్ళొచ్చెత్తాయి."

ఆయన చదివింది ఐటీఐ. చెప్పింది మాత్రం అచ్చంగా టోటల్ రిఫ్లక్స్, అంటే చల్లబడినదంతా వెనక్కే పంపడం! వెనక్కి పంపేదాన్ని బయటికి తీసేదానితో భాగిస్తే రిఫ్లక్స్ రేషియో; బయటికి తీసేది సున్నా అయితే అది అనంతం. గ్రాఫ్‌లో కాలమ్ నడిచే తీరు చూపే ఆపరేటింగ్ లైన్ వెళ్ళి 45 డిగ్రీల గీత మీద పడుతుంది; ఆ లైన్‌కీ, ఆవిరి-ద్రవం సమతూకం చూపే ఈక్విలిబ్రియం కర్వ్‌కీ మధ్య గీసే మెట్లు (కాలమ్‌లో కావాల్సిన అంచెలు) అతి తక్కువ వస్తాయి. ప్రొడక్ట్ తీయడం మొదలుపెట్టగానే లైన్ ఈక్విలిబ్రియం కర్వ్ వైపు జరుగుతుంది, అదే ప్యూరిటీకి ఎక్కువ మెట్లు కావాలి. కాలమ్ ఎత్తు పెరగదు కదా, ప్యూరిటీయే పడిపోతుంది. పొద్దున్న రూముకొచ్చి నిద్ర మానేసి గ్రాఫ్ గీసుకున్నా. ఆ తర్వాత డిస్టిలేషన్ ప్రశ్న చూస్తే ఆ వాల్వే కనిపించేది.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఆప్టిట్యూడ్ 15 మార్కులు, మ్యాథ్స్ కూడా కలిస్తే పావు వంతు పైనే, వదలకండి. జవాబును అంకెల్లో టైప్ చేసే న్యూమరికల్ ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ పెట్టొద్దు. 2 మార్కుల ఎంసీక్యూ తప్పితే మూడింట రెండొంతుల మార్కు పోతుంది, అక్కడ దూకుడు వద్దు. ప్రాక్టీసంతా స్క్రీన్ మీది కాలిక్యులేటర్‌తోనే చెయ్యండి, హాల్లోకి మనది రానివ్వరు.

"సీఎస్‌ఈ రాలేదా నాయనా" అని పెళ్ళిళ్ళలో జాలిపడే చుట్టాలు నాకూ ఉన్నారు. ర్యాంకు చాలక కాదు, కోరే కెమికల్ తీసుకున్నా. షిఫ్టు ఉంది, టైం లేదు అనేవాళ్ళు ఒక్కసారి ఫోన్‌లో స్క్రీన్ టైం చూసుకోండి, అంతకుమించి చెప్పను.

స్కోరు 3 ఏళ్ళు చెల్లుతుంది, బీటెక్ థర్డ్ ఇయర్ వాళ్ళు కూడా రాయొచ్చు. ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్. మా అమ్మ పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థ) ఉద్యోగం అంటోంది, నేనింకా తేల్చుకోలేదు.