భీమిలి దారిలో మాడు వాసన

వానలు వెలిసిన తర్వాతి ఆదివారం అక్కా బావలతో కలిసి భీమిలి బయల్దేరాం. విశాఖ నుంచి ఆ దారిలో ఎడమపక్క కొండలు, కుడిపక్క సముద్రం చివరిదాకా తోడుంటాయి. ఎన్నిసార్లు వెళ్లినా మళ్లీ వెళ్లాలనిపించే రోడ్డది. బావకు పోర్టులో ఉద్యోగం, రోజూ స్కూటర్ మీదే వెళ్లొస్తాడు. అందుకని వానలు పడినన్నాళ్లూ కారు పెదవాల్తేరులో వాళ్ల ఇంటిముందు హ్యాండ్‌బ్రేక్ చివరిదాకా లాగి అలాగే ఉండిపోయింది. ఆ వీధి వాలు చూస్తే ఎవరైనా లాగుతారు.

కారు కదలగానే వెనక ‘టప్’మని చప్పుడైంది. “తుప్పు వదిలిందిలే, ఇక్కడ మామూలే” అన్నాడు బావ. ఆయన చెప్పిందీ నిజమే. చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి బ్రేకు డ్రమ్ములో తడి చేరితే, దాన్ని లోపల్నుంచి ఒరుసుకుని ఆపే బ్రేక్ లైనరు దానికి అతుక్కుపోతుంది, మొదటి కదలికకు ఊడొస్తుంది. చప్పుడు మాత్రం ఒక్క చక్రం నుంచే వచ్చింది.

బీచ్‌రోడ్డులో కురుసుర జలాంతర్గామి ముందు పిల్లల క్యూ చాంతాడంత ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఆ మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన ఓడ. వచ్చేటప్పుడు చూద్దామనుకుని ముందుకే పోయాం. కైలాసగిరి, సాగర్‌నగర్, రుషికొండ దాటాం. కారు ఎందుకో బరువుగా నడుస్తోంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోతోంది. డాష్‌బోర్డు మీద హ్యాండ్‌బ్రేక్ లైటేమో ఆరిపోయే ఉంది. ఆ లైటుకు తెలిసేది లివర్ కిందికి దిగిందా లేదా అన్నంత వరకే. చక్రం దగ్గర ఏం జరుగుతోందో దానికి తెలీదు.

తొట్లకొండ ఎక్కాం. అప్పట్లో నౌకాదళం వాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. రాతిలో తొలిచిన తొట్లు వాన నీళ్లతో నిండి ఉన్నాయి. భిక్షువుల గదుల పునాదుల మీద నిలబడితే కింద సముద్రమంతా కనిపిస్తుంది. ఫొటోల కోసం అక్క మమ్మల్ని అటూ ఇటూ తిప్పింది. ఎండ ఎక్కువయ్యాక దిగాం.

కొండ దిగి మంగమారిపేట దగ్గర టీకొట్టు ముందు ఆగేసరికి, “ఏదో మాడుతోందర్రా” అంది అక్క. రబ్బరు కాలిన వాసన కాదది, ఘాటుగా ముక్కులోకి దిగే బ్రేక్ లైనరు వాసన. చక్రాలు ముట్టుకోకుండా ఒక్కోదాని దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. మూడు మామూలుగానే ఉన్నాయి. వెనక ఎడమ చక్రం దగ్గరకు చెయ్యి పోవడంలేదు, సెగ కొడుతోంది. టీకొట్టు కుర్రాడు పాపం బకెట్‌తో నీళ్లు పట్టుకొచ్చాడు. వద్దన్నాం. డ్రమ్ము పోత ఇనుము, అంత వేడి మీద నీళ్లు పడితే చిట్లిపోవచ్చు. రెండేసి టీలు తాగి, అది చల్లారేదాకా కూర్చున్నాం.

తర్వాత చదునైన చోట ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరులో ఉంచి, ఎడమ వెనక చక్రాన్ని జాకీతో లేపాం. ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళ్లే కారు కాబట్టి, గేరులో ఉన్నా వెనక చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. తిరగలేదు. కుడివైపు లేపి చూస్తే అది హాయిగా తిరిగింది. రెండు సీట్ల మధ్య లివర్ కవర్ తీస్తే లోపల, వెనక చక్రాల బ్రేకులను లాగే కేబుల్ బిగించే నట్టు ఉంటుంది. పది నంబరు స్పేనర్‌తో దాన్ని బాగా వదులు చేశాం. అయినా ఎడమ చక్రం మొండికేసింది. లివర్ దగ్గర వదిలేసినా కదల్లేదంటే ఎడమ కేబుల్ తన తొడుగులోనే పట్టేసి ఉండాలి, లేదా డ్రమ్ము లోపల ఏదో ఇరుక్కుని ఉండాలి. డ్రమ్ము అంచు చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాక కొంచెం వదిలింది. ఇక బావ హ్యాండ్‌బ్రేక్ జోలికి పోలేదు. నిదానంగా భీమిలి చేరాం.

అక్కడి మెకానిక్ చక్రం చూస్తూనే, “ఏటి సార్, డ్రమ్ములిప్పి ఎన్నాళ్లైంది?” అన్నాడు. బావ జవాబివ్వకుండా సముద్రం వైపు చూశాడు. డ్రమ్ము చేత్తో రాలేదు. దానికున్న రెండు మరల బొక్కల్లో బోల్టులు పెట్టి, ఇటు కాస్త అటు కాస్త బిగిస్తే అదే బయటికి నెట్టుకొచ్చింది. లోపలంతా ఎర్రటి తుప్పు. లైనరు మాడి నల్లగా అద్దంలా మెరుస్తోంది. దుమ్ము ఊదబోతే ఆ మెకానిక్కే ఆపి తడిగుడ్డతో తుడిచాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అసలు దొంగ కేబుల్ చివర దొరికింది. డ్రమ్ములోకి వెళ్లే చోట రబ్బరు బూటు చిరిగి ఉంది. అక్కణ్నుంచి వాన నీళ్లు, ఉప్పుగాలి తొడుగులోకి దిగి లోపలి తీగ ఉబ్బింది. లాగితే వస్తోంది, వదిలితే వెనక్కి పోవడంలేదు. డ్రమ్ములో స్ప్రింగు ఎంత గట్టిదైనా ఆ తుప్పును గుంజలేదు.

“ఆయిల్ కొట్టి వదిలెయ్యొచ్చు గానీ, మళ్లీ వానొస్తే మళ్లీ ఇదే అవుద్ది. కేబుల్ మార్చేద్దాం” అన్నాడు. మార్చాడు. లైనర్లు రెండువైపులా కొత్తవి వేశాడు, ఒకవైపే వేస్తే బ్రేకు ఒక పక్కకు గుంజుతుందట. డ్రమ్ము వెనక ఉండే ప్లేటు మీద, లైనరు అంటించి ఉండే షూ రాసుకునే చోట్ల మాత్రం గ్రీజు పలచగా రాశాడు. లైనరు మీద చుక్క పడినా అది పనికిరాదు. అతని పనిలో నాకు బాగా నచ్చింది అడ్జస్ట్‌మెంటు చేసిన వరస. ముందు డ్రమ్ము లోపల షూల సందు సరిచేసి, కాలి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కించి, అప్పుడే లివర్ దగ్గర నట్టు బిగించాడు. తొందరపడి నట్టే ముందు బిగిస్తే లివర్ బాగానే పట్టినట్టు ఉంటుంది, చక్రాలు మాత్రం లోపల రాసుకుంటూనే ఉంటాయి. చివర్లో లివర్ దించి రెండు చక్రాలూ తిప్పి చూపించాడు. కొన్ని ‘క్లిక్కులు’ లాగితే రెండూ ఒకేసారి పట్టాయి.

మధ్యాహ్నం దాటిపోయింది. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్ పైపైనే చూశాం. చేపల పులుసు మాత్రం నిదానంగా తిన్నాం. తిరుగు దారిలో కాలు తీసినా కారు తేలిగ్గా సాగిపోయింది. కురుసుర మూసే వేళైపోవడంతో బీచ్‌లో ముంతమసాలా తిని సరిపెట్టుకున్నాం.

ఇంటి దగ్గర బావ కారును మొదటి గేరులో పెట్టి, చక్రాలు గోడవైపు తిప్పి, వెనక చెక్క దిమ్మ ఆనించాడు. హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోలేదు. మళ్లీ చాన్నాళ్లు కారు తీసే పని లేదట. అరకు ఘాటీ మాటేమిటని అడిగితే, “అరకుకు రైలుంది. పొద్దున్నే లేవండి” అని అక్క లోపలికి వెళ్లిపోయింది.