మాగిందా, మాడిందా?

ద్రాక్ష పేరు సిరా అనగానే పెద్దనాన్న నవ్వాడు. "సిరా రాసుకునేది గదరా, తాగుడేంది?" అన్నాడు. అందులో సగం నిజమే. కొత్తలో ఈ ద్రాక్షతో చేసిన వైన్ నిజంగా సిరా రంగులోనే ఉంటుంది, చొక్కా మీద పడితే ఓ పట్టాన వదలదు. సీసాలో పదిహేనేళ్ళు పడుకున్నాక ఏమవుతుందో చూద్దామని కనుమ సాయంత్రం నల్లగొండలో మా డాబా మీద ముగ్గురం కూర్చున్నాం. నలభై ఏళ్ళు తాళ్ళెక్కి కల్లు గీసిన మా పెద్దనాన్న, ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి సెలవుకు వచ్చిన నా మిత్రుడు, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునే నేను.

ముందు సీసాల సంగతి చెప్పాలి. 2011 నుంచి రెండేళ్ళు నేనూ లియాన్‌లోనే ఉన్నాను. అక్కడ రైలెక్కి గంటసేపు దక్షిణానికి పోతే తాన్ అనే ఊరు వస్తుంది. రోన్ నది మీద వంతెన దాటితే అవతల తూర్నోన్. ఆ ఒడ్డున గుట్టల వాలు మీద రాతి కట్టలు కట్టి, తీగకొక కర్ర పాతి ద్రాక్ష పెంచుతారు. సిరాతో చేసే అక్కడి వైన్ పేరు సాన్-జోసెఫ్. ఆ గుట్టల రాయి గ్రానైటే. మొదటిసారి చూసినప్పుడు మా లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట గుర్తొచ్చి ఎండలో అట్లాగే నిలబడిపోయాను. రాయి ఒకటే గానీ ఎండ ఒకటి కాదు. అక్కడ కాయ నిదానంగా, పులుపు పోగొట్టుకోకుండా పండుతుంది.

2010 పంటవి రెండు సీసాలు కొన్నాను. ఆ ప్రాంతానికి అది మంచి ఏడాది. ఒకటి మిత్రుడి ఇంటి కింద నేలమాళిగలో వదిలాను. అక్కడ ఎండాకాలమైనా చలికాలమైనా పదమూడు డిగ్రీలకు అటూ ఇటూ. రెండోది లుంగీలో చుట్టి సూట్‌కేసులో పెట్టి తెచ్చుకున్నాను. మన ఊళ్ళో వైన్స్ అంటే వైన్ తప్ప అన్నీ దొరికే చోటు కాబట్టి ఆ సీసా నాకు బంగారమే. మరి బంగారాన్ని ఎక్కడ దాచాను? అటక మీద! 2014 వేసవి, ఆ మరుసటి ఏడాది వందల మందిని పొట్టన పెట్టుకున్న మే నెల వడగాలులు, రెండూ దాని మీదుగానే పోయాయి. తర్వాత అటక దులుపుతుంటే బిరడా కొద్దిగా పైకి లేచి, సీసా మెడ మీద జిగటగా ఎర్ర చార కనిపించింది. కెమిస్ట్రీ మాస్టారి నిర్వాకం అది. అప్పటినుంచి ఫ్రిజ్ అడుగున, బెండకాయల పక్కన పెట్టాను.

మొదటి సీసాను మిత్రుడు ఈసారి తెచ్చాడు. రెంటినీ పది రోజులు నిలబెట్టే ఉంచాను, మడ్డి అడుగుకు దిగాలి కదా. వైన్‌లోని రంగు, వగరు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై, బరువెక్కి చివరికి అట్లా అడుగు పడతాయి. మడ్డి ఉంటే కల్తీ అనుకోకూడదు, వయసుకు అదే సాక్ష్యం. ఒక బిరడా సగంలో పొడి పొడి అయింది. టీ జాలితో వడగట్టాల్సి వచ్చింది. ఏది ఏ గ్లాసులో ఉందో మాకు తెలియకుండా మా ఆవిడ వంటింట్లో పోసి, గ్లాసుల అడుగున సుద్దతో గుర్తు పెట్టి పంపింది.

తెల్ల తువ్వాలు మీద వంచి చూశాం. మొదటి గ్లాసు నడుమ దానిమ్మ ఎరుపు, అంచున ఇటుక రంగు. తాతల నాటి పట్టా కాగితాల మీద సిరా అంచుల్లో ఎర్రబడుతుంది చూడండి, అట్లా. రెండో గ్లాసులో అంచూ నడుమా తేడా లేదు. పొయ్యి మీద మరిచిపోయిన చాయ్ లాగా ఉంది.

మొదటి గ్లాసులో ముందు తోలు చెప్పు వాసన తప్ప ఏమీ రాలేదు. టెన్షన్ పట్టుకుంది. పది నిమిషాలు వదిలేసి మళ్ళీ ముక్కు పెడితే ఎండిన నేరేడు, దాని వెనక కొంచెం పొగ, ఇంకా వెనక ఎండబెట్టిన మాంసం ఒరుగుల వాసన. మాంసం, పొగ వాసనలు ఈ ద్రాక్షకు మొదటినుంచీ ఉన్నవే, వయసుతో పైకి తేలతాయి. పెద్దనాన్న గ్లాసు ముక్కు దగ్గరే పట్టుకుని అడిగాడు, "ఇండ్ల మిరియాలు ఏసిండ్రారా?"

నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరూ ఏమీ వేయలేదు. రోటండోన్ అనే పదార్థం అది. నల్ల మిరియాల వాసనకూ అదే కారణం. సిరాలో అది ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. చల్లటి చోట, చల్లటి ఏడాదిలో పండిన కాయలో ఎక్కువగా ఉంటుంది. ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. మా ముగ్గురిలో ఆ ఒకడు మిత్రుడే. అక్కడ ఇన్నేళ్ళున్నాడు, ఎన్ని సీసాలు తాగాడో, "మిరియాలెక్కడ్రా?" అని గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

నోట్లో వగరు ఉంది గానీ గొంతు పట్టలేదు. పచ్చి జామ వగరు కాదు, నేరేడు తిన్న గంట తర్వాత నాలుక మీద మిగిలేంత. పులుపు ఇంకా నిటారుగా ఉంది, ఇన్నేళ్ళు నిలబెట్టింది అదే. అయితే నడుమ కాస్త పలచబడింది. మింగాక రుచి నిలవాల్సినంత సేపు నిలవలేదు. పేపర్లు దిద్దే అలవాటున్నా దీనికి మార్కులు వేయను. ఒక్క మాట చెప్తాను. బాగా మాగింది, దిగుడు ఇప్పుడిప్పుడే మొదలైంది. మూడు నాలుగేళ్ళ కింద తీసి ఉంటే ఇంకా బాగుండేది.

రెండో గ్లాసు వేరే కథ. ఉడికించిన ఖర్జూరం, మాడిన బెల్లం. మిరియం లేదు, నేరేడు లేదు. విచిత్రమేమిటంటే వగరు మాత్రం గరుకుగానే ఉంది. పండు వాసన ముసలిదైపోయింది, వగరు పడుచుగానే మిగిలింది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని పిల్లలకు చెప్తాం. దాన్ని బట్టి వేడిలో పెడితే వైన్ తొందరగా మాగాలి కదా అనిపిస్తుంది. కానీ సీసాలో జరిగే చర్యలన్నీ వేడికి ఒకే లెక్కన పరుగెత్తవు. కొన్ని ముందుకు దూకుతాయి, కొన్ని వెనకబడతాయి, వరస చెడిపోతుంది. కార్బైడ్ పెట్టిన మామిడికాయ పైన పసుపు పచ్చగా, టెంక దగ్గర పుల్లగా ఉన్నట్టు. వరిగడ్డిలో మాగిన కాయ రుచి ఎట్లా వస్తుంది దానికి?

ఈ ఉపన్యాసం పెద్దనాన్నకు అక్కరలేకపోయింది. రెండో గ్లాసు ఒక్క గుటక తాగి పక్కన పెట్టాడు. "దీనికి ఎండ తాకింది. లొట్టి ఎండల పెడితే కల్లు గిట్లనే అయితది." నేను అటక సంగతి ఆయనకు చెప్పనేలేదు. మళ్ళీ మొదటి గ్లాసు అందుకున్నాడు. "మన కల్లు పొద్దుగాల తియ్యగుంటది, మాపటికి పుల్లగైతది. గిది ముసలిదయ్యేటందుకు పదిహేనేండ్లు పట్టిందా?" ఇంకొంచెం పోయమన్నాడు.

మొదటి సీసాలో అరగ్లాసు మిగిల్చి మరునాడు సాయంత్రం మళ్ళీ చూశాను. మిరియం ఇంకా ఉంది గానీ నేరేడు పోయింది, చివర్న చేదు తగిలింది. కొత్త వైన్ అయితే ఒక రాత్రికి బెదరదు. రెండో సీసాలోది మా ఆవిడ కనుమ మటన్‌లో పోస్తానంటే వద్దన్నాను. ఖాళీ సీసాలు రెండూ గట్టివని చూసి పెద్దనాన్న ఊరికి పట్టుకుపోయాడు. ఒక దాంట్లో ఆముదం పోసుకుంటాడట, రెండో దాని సంగతి చెప్పలేదు.