పెద్దకొడుకు పక్కన నిలబడి చదివితే

బైబిల్ కథలన్నీ మన లోపల జరిగేవే, అందులోని మనుషులంతా మన మనసు స్థితులే అంటాడు నెవిల్ గొడార్డ్. బార్బడోస్‌లో పుట్టి అమెరికాలో ఉపన్యాసాలిచ్చిన ఆయన 1972లోనే పోయాడు గానీ, ఇప్పుడు యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా ఆయన మాటలే. ఆయనకి బాగా ఇష్టమైన వాక్యాల్లో మార్కు 11:24 ఒకటి. ప్రార్థనలో అడిగినవి దొరికేశాయని నమ్మండి, అవి మీకు దొరుకుతాయి అని. అందుకే కోరిక తీరిపోయినట్టు ఊహించుకుని ఆ ఫీలింగ్‌లోనే నిద్రపొమ్మంటాడు.

గ్రంథాన్ని ఎప్పుడో ఎవరికో జరిగిన సంగతిలా కాకుండా నా గురించే రాసినట్టు చదవడం నాకు బాగా నచ్చుతుంది. పేచీ అంతా ఆ తర్వాతే. 24 దగ్గర ఆగిపోయేవాళ్ళు 25 ఎందుకు చదవరో తెలీదు, ప్రార్థనకి నిలబడినప్పుడు ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు క్షమించండి అని అక్కడే ఉంది కదా!

ఊహ విషయంలో నేను ఇగ్నేషియస్ లొయోలా వైపు, ముందు సైనికుడిగా ఉండి తర్వాత పరిశుద్ధుడైన స్పెయిన్ మనిషి ఆయన. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆయన చదువుదామనుకున్నది వీరుల కథలు, దొరికినవేమో క్రీస్తు చరిత్ర, పరిశుద్ధుల జీవితాలు. తాను గొప్ప వీరుడైనట్టు కలలు కంటే అప్పటికి హాయిగానే ఉండేదట గానీ తర్వాత మనసు ఎండిపోయేదట, పరిశుద్ధుల్లా బతుకుతున్నట్టు ఊహించుకుంటే మాత్రం ఆ సంతోషం నిలిచేదట. ఊహ ఏం తెచ్చిపెట్టిందని కాదు, అయిపోయాక మనల్ని ఎలా వదిలిందని చూశాడాయన. తర్వాత తను రాసిన సాధనల్లో కూడా సువార్తలోని చోటుని కళ్ళతో చూడమని, అక్కడివాళ్ళ మాటలు వినమని చెప్పాడు.

లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ, అదే ఆస్తంతా తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేసే కథ, అలా చదివి చూడండి. అందరం చిన్నవాడిలా తండ్రి ఒళ్ళో వాలిపోతాం, అది సుఖంగా ఉంటుంది. పొలం నుంచి వచ్చే పెద్దవాడితో నడిస్తే వేరు. ఒళ్ళంతా అలసట, దూరం నుంచే పాటలు, నాట్యం వినపడతాయి, ఏమైందని పనివాణ్ణి అడిగితే క్రొవ్విన దూడని కోశారంటాడు. ఇన్నేళ్ళూ చేసిన చాకిరీ లెక్క ఒక్కసారిగా గుర్తొస్తుంది, నాకైతే ఇంకెవరో కూడా గుర్తొస్తారు. తండ్రే బయటికొచ్చి బతిమాలతాడు. ఇతను లోపలికి వెళ్ళాడో లేదో లూకా రాయలేదు, అది మనమే ఊహించుకోవాలి, నిజాయితీగా ఊహిస్తే జవాబు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది.

ప్రయత్నిస్తానంటే లూకా 15లో 25 నుంచి 32 వరకు చాలు. ఒకసారి మామూలుగా చదివేసి, రెండోసారి మీకు ఎక్కువ చిరాకు తెప్పించిన మనిషి పక్కన నిలబడండి.